ఢిల్లీ మైదానాల్లో వీడ్కోలు: క్రీడాకారుల మైలురాళ్లు, ఆఖరి ఆటలు

పేరున్న క్రీడాకారులు నూరో మ్యాచ్ ఆడినప్పుడు, అంతవరకూ ఎవరూ అందుకోని అంకెను అందుకున్నప్పుడు, ఆటకు సెలవు చెప్పినప్పుడు సహచరులూ క్రీడాసంఘాలూ ప్రభుత్వమూ జనమూ కలిసి జరిపే వేడుకకు మన భాషలో ఒకే పేరు లేదు. సన్మానం అంటాం, వీడ్కోలు అంటాం, సంబరం అంటాం. దేశ రాజధాని ప్రాంతంలో ఈ మూడూ కలగలిసి కనిపిస్తాయి. ఢిల్లీ నగరంలో క్రికెట్‌కు కోట్లా, హాకీకి ధ్యాన్‌చంద్ స్టేడియం, ఫుట్‌బాల్‌కు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉన్నాయి. నగరం దాటితే మల్లయోధుల్ని కన్న రోహ్‌తక్, చర్ఖీ దాద్రీ జిల్లాల పల్లెలు, యూపీ వైపు గ్రేటర్ నోయిడా ఉన్నాయి. వీటన్నిటి నడుమ రాష్ట్రపతి భవన్ ఉంది. దేశంలో క్రీడా పురస్కారాలు అందించే చోటు అదే.

ఇక్కడ జరిగిన వీడ్కోళ్లను వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎంత బాగా ఆడారన్న దాన్నిబట్టే సెలవు చెప్పే తీరు ఉండదు. ఏ ఆట ఆడారు, చివరి రోజు ఏ ఊళ్లో పడింది, అప్పుడు ఎవరు పెత్తనంలో ఉన్నారు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

కోట్లా: రెండుసార్లు భుజాలకెక్కిన కుంబ్లే

ఫిరోజ్ షా తుగ్లక్ కోట శిథిలాల పక్కన 1883లో వెలిసిన మైదానం కాబట్టి ఫిరోజ్ షా కోట్లా అయింది. 1948 నవంబర్‌లో లాలా అమర్‌నాథ్ నాయకత్వంలో వెస్టిండీస్‌తో ఇక్కడ తొలి టెస్టు జరిగింది. 2019 సెప్టెంబర్ 12న స్టేడియానికి రాజకీయ నేత అరుణ్ జైట్లీ పేరు పెట్టారు. అయినా ఊరి జనం నోట అది ఇప్పటికీ కోట్లాయే.

భారత క్రికెట్‌లో పెద్ద అంకెలు కొన్ని ఇక్కడే పుట్టాయి. 1983లో వెస్టిండీస్ మీద 121 పరుగులు చేసి సునీల్ గవాస్కర్ తన 29వ టెస్టు సెంచరీతో బ్రాడ్‌మన్‌ను అందుకున్నది ఈ పిచ్ మీదే. గవాస్కర్ చివరికి 34 దగ్గర ఆగితే, 2005 డిసెంబర్ 10న శ్రీలంక మీద సచిన్ తెందూల్కర్ 35వది కొట్టి ఆ అంకెను దాటిందీ ఇక్కడే. అయినా కోట్లా అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు ఢిల్లీవాడిది కాదు, బెంగళూరువాడైన అనిల్ కుంబ్లేది.

1999 ఫిబ్రవరి 7న పాకిస్తాన్ ముందున్న లక్ష్యం 420. వికెట్ పడకుండా 101 పరుగులు చేసిన ఆ జట్టు 207కు ఆలౌటైంది. పది వికెట్లూ కుంబ్లేవే, 74 పరుగులకు. అంతకుముందు టెస్టుల్లో ఆ ఘనత ఒక్క జిమ్ లేకర్‌కే దక్కింది, 1956లో. తొమ్మిది పడ్డాక అవతలి వైపు జవగళ్ శ్రీనాథ్ తనకు వికెట్ రాకూడదని బంతులు వికెట్లకు దూరంగా వేశాడు. సహచరుడి మైలురాయి కోసం మరొకడు తన పనిని పక్కన పెట్టుకోవడం కంటే పెద్ద సన్మానం ఏ శాలువాలో ఉంటుంది? తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. పదో వికెట్ వసీమ్ అక్రమ్‌ది. బ్యాటు పక్కనే కాచుకుని ఆ క్యాచ్ పట్టింది హైదరాబాద్ వి.వి.ఎస్. లక్ష్మణ్, ఆ రోజు కెప్టెన్ హైదరాబాద్ అజహరుద్దీన్. సహచరులు కుంబ్లేను భుజాలకెత్తుకుని మైదానం దాటించారు.

తొమ్మిదేళ్ల తర్వాత అదే దృశ్యం మళ్లీ కనిపించింది. 2008 అక్టోబర్ చివర ఆస్ట్రేలియాతో మొదలైన టెస్టులో గౌతమ్ గంభీర్ 206, లక్ష్మణ్ అజేయంగా 200 చేశారు. ఒకే ఇన్నింగ్స్‌లో ఇద్దరు డబుల్ సెంచరీలు కొట్టినా ఆ మ్యాచ్‌ను జనం మరో కారణానికి గుర్తుపెట్టుకున్నారు. క్యాచ్‌కు ప్రయత్నిస్తూ కుంబ్లే ఎడమచేతి చిటికెన వేలు చీల్చుకున్నాడు, 11 కుట్లు పడ్డాయి. ఆ చేత్తోనే తిరిగొచ్చి బౌలింగ్ చేశాడు. మిచెల్ జాన్సన్‌ను తన బంతికి తానే క్యాచ్ పట్టి 619వ వికెట్ తీసుకున్నాడు. చివరి రోజు, నవంబర్ 2న, ఇక చాలన్నాడు. పది వికెట్ల నాడు ఎత్తుకున్నట్టే సహచరులు మళ్లీ భుజాలకెత్తుకున్నారు. ముందు అనుకున్నది కాదు కాబట్టి పూలూ ఫ్లెక్సీలూ లేవు. కోట్లా చూసిన వీడ్కోళ్లలో ఇదే అత్యుత్తమం అనాలి: కెప్టెన్‌గా, తెల్ల దుస్తుల్లో, కట్టు కట్టిన చేత్తో, తనకు అన్నిటికంటే కలిసొచ్చిన గడ్డ మీద. మరి నాలుగు రోజులకు నాగపూర్‌లో మొదలైన టెస్టు లక్ష్మణ్‌కు నూరోది, సౌరవ్ గంగూలీకి ఆఖరిది.

ఇంటి గడ్డ మీద సెలవు

ముందే తేదీ చెప్పుకుని, సొంతూరి జనం మధ్య ఆట ముగించిన భాగ్యం ఆశిష్ నెహ్రాది. 1999లో అజహరుద్దీన్ కెప్టెన్సీలో టెస్టు క్రికెట్‌లోకి వచ్చిన ఈ ఢిల్లీ ఎడమచేతి పేసర్, చీలమండకూ మోకాలికీ లెక్కలేనన్ని శస్త్రచికిత్సలు చేయించుకుంటూ పద్దెనిమిదేళ్లు నెట్టుకొచ్చాడు. 2017 నవంబర్ 1న న్యూజిలాండ్‌తో కోట్లాలో టీ20. ఆ ఒక్క మ్యాచ్ కోసం మైదానంలో ఒక ఎండ్‌కు ఆశిష్ నెహ్రా ఎండ్ అని రాశారు. రోహిత్ శర్మ, శిఖర్ ధావన్ చెరి 80 పరుగులు చేసి తొలి వికెట్‌కు 158 జోడించారు. భారత్ 53 పరుగులతో గెలిచింది. టీ20ల్లో న్యూజిలాండ్ మీద మనకు అదే తొలి గెలుపు. నెహ్రాకు వికెట్ దక్కలేదు, నాలుగు ఓవర్లకు 29 పరుగులిచ్చాడు. కానీ ఇన్నింగ్స్ చివరి ఓవర్‌కు కోహ్లీ బంతిని అతని చేతికే ఇచ్చాడు. 2003లో బడిపిల్లవాడిగా నెహ్రా చేతుల మీదుగా బహుమతి అందుకున్న కోహ్లీ ఫొటో ఒకటి ఉంది. ఆ పిల్లవాడే ఈ రాత్రి కెప్టెన్‌గా అతన్ని భుజానికెత్తుకున్నాడు. నెహ్రా మైదానం చుట్టూ ఓ చుట్టు తిరిగాడు, గ్యాలరీలు లేచి నిలబడ్డాయి.

అతని కంటే ఎంతో ఎక్కువ సాధించిన నజఫ్‌గఢ్ వీరేంద్ర సెహ్వాగ్‌కు ఇలాంటి రాత్రి దక్కలేదు. సెహ్వాగ్ ఆఖరి టెస్టు 2013 మార్చిలో ఆస్ట్రేలియాతో మన ఉప్పల్‌లో జరిగింది. అది ఆఖరిదని ఉప్పల్ జనానికి తెలియదు, అతనికీ తెలియదు. ఆ ఇన్నింగ్స్‌లో చేసినవి 6 పరుగులు. రెండు త్రిశతకాలు కొట్టిన ఆటగాడికి లేచి నిలబడి చప్పట్లు కొట్టే అవకాశం హైదరాబాద్‌కు అలా చేజారింది. 2015 అక్టోబర్ 20న, తన 37వ పుట్టినరోజున, రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆ డిసెంబర్ 3న దక్షిణాఫ్రికాతో టెస్టు మొదలయ్యే రోజు క్రికెట్ బోర్డు కోట్లాలో సన్మానించింది. కుటుంబంతో వచ్చి, మామూలు దుస్తుల్లో నిలబడి జ్ఞాపిక అందుకున్నాడు.

2017లో నెహ్రా మ్యాచ్‌కు ముందురోజు కోట్లా రెండో నంబరు గేటుకు సెహ్వాగ్ పేరు పెట్టారు. భారత్ తరఫున త్రిశతకం చేసిన ఒకే ఒక్కడంటూ అక్కడ రాయించారు. అంతకు పది నెలల కిందటే, 2016 డిసెంబర్‌లో, కరుణ్ నాయర్ చెన్నైలో అజేయంగా 303 చేసి ఉన్నాడు. ఒకరిని గౌరవించే పలక మీద మరొకరి శ్రమ చెరిగిపోయింది. గౌరవించేటప్పుడు లెక్క సరిచూసుకోవడం కూడా గౌరవంలో భాగమే.

గంభీర్ కథకు ఆంధ్ర జట్టు సాక్షి. 2018 డిసెంబర్ 4న రిటైర్మెంట్ ప్రకటించి, ఆరో తేదీన కోట్లాలో ఆంధ్రతో మొదలయ్యే రంజీ మ్యాచే తన ఆఖరిదన్నాడు. రెండు ప్రపంచకప్ ఫైనళ్లలో, 2007లోనూ 2011లోనూ, భారత్ తరఫున అత్యధిక స్కోరు చేసిన బ్యాటర్ ఆఖరి ఇన్నింగ్స్‌లో 112 చేశాడు. అంతర్జాతీయ మ్యాచ్ కాదు, గ్యాలరీలు నిండలేదు. కానీ చిన్నప్పటి మైదానంలో, సొంత రాష్ట్ర టోపీ పెట్టుకుని, శతకంతో వెళ్లిపోవడానికి మించి బ్యాటర్ కోరుకునేది ఏముంటుంది? మరుసటి ఏడాది ఒక స్టాండ్‌కు అతని పేరు పెట్టారు.

కోట్లా స్టాండ్లకున్న పేర్లే ఒక చిన్న చరిత్ర. బిషన్ సింగ్ బేడీ పేరిట ఒకటి, మొహిందర్ అమర్‌నాథ్ పేరిట ఒకటి ఉన్నాయి. మైదానంలో జైట్లీ విగ్రహం పెట్టబోతున్నారని తెలిసి 2020 డిసెంబర్‌లో బేడీ తన పేరు తీసేయమని ఢిల్లీ క్రికెట్ సంఘానికి లేఖ రాశారు. మైదానాల్లో నిలవాల్సింది ఆటగాళ్ల గుర్తులేనన్నది ఆయన వాదన. తనకు జరిగిన గౌరవాన్ని తానే వెనక్కి తీసుకొమ్మన్న క్రీడాకారులు మన దేశంలో అరుదు.

నూరో టెస్టు, ఆరు పరుగుల రంజీ

2023 ఫిబ్రవరి 17న ఇదే మైదానంలో ఆస్ట్రేలియా మీద చెతేశ్వర్ పుజారా నూరో టెస్టు ఆడాడు. భార్య, కూతురు, తండ్రి చూస్తుండగా గవాస్కర్ చేతుల మీదుగా ప్రత్యేక టోపీ అందుకున్నాడు. తొలి ఇన్నింగ్స్‌లో సున్నా. రెండో ఇన్నింగ్స్‌లో అజేయంగా 31 చేసి, గెలుపు పరుగులు తానే కొట్టాడు. ఆట ముగిశాక ప్యాట్ కమిన్స్ ఆస్ట్రేలియా ఆటగాళ్లంతా సంతకాలు చేసిన జెర్సీని అతనికిచ్చాడు. ఏళ్ల తరబడి అతన్ని ఔట్ చేయలేక అలసిపోయిన బౌలర్ల సంతకాలవి. 2025 ఆగస్టు 24న పుజారా రిటైర్మెంట్ ప్రకటన సామాజిక మాధ్యమంలో వచ్చింది, వీడ్కోలు మ్యాచ్ లేదు.

విరాట్ కోహ్లీ విషయంలో జనం ముందే ఏదో పసిగట్టినట్టున్నారు. 2025 జనవరి 30న రైల్వేస్‌తో రంజీ ఆడటానికి అతను కోట్లాకు వచ్చేసరికి, మామూలుగా ఖాళీగా ఉండే గ్యాలరీలు తెల్లవారకముందే కట్టిన బారులతో నిండాయి. నూరు టెస్టులు ఆడినందుకు ఢిల్లీ సంఘం ఆ మ్యాచ్‌లోనే సన్మానించింది. 6 పరుగులకు హిమాంశు సంగ్వాన్ బంతికి బౌల్డ్ అయ్యాడు. అతను వెనుదిరగ్గానే జనంలో చాలామంది ఇళ్లకు బయల్దేరారు. మే 12న టెస్టుల నుంచి తప్పుకున్నాడు, అదీ ఒక పోస్టుతోనే. వెనక్కి తిరిగి చూస్తే ఢిల్లీ అతనికి ఎర్రబంతి ఆటలో ఇచ్చిన వీడ్కోలు ఆ శీతాకాలపు రంజీయే.

వీడ్కోలు వద్దనుకున్నవారూ ఉన్నారు. 2012 ఆగస్టు 18న లక్ష్మణ్ హైదరాబాద్‌లో విలేకరుల్ని పిలిచి తక్షణమే తప్పుకుంటున్నానన్నాడు. ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టుకు వారం కూడా లేదు, జట్టులో పేరుంది. ఇంటి జనం మధ్య ఆఖరి ఇన్నింగ్స్ ఆడుకునే వీలు చేతిలో ఉండి కూడా వదులుకున్నాడు. నెహ్రా రాత్రి ఎంత నిండుగా ఉందో, లక్ష్మణ్ మౌనం అంత గంభీరంగా ఉంది. ఏది మేలని అడిగితే, అభిమాని నెహ్రా రాత్రినే కోరుకుంటాడు.

జెర్సీకి సెలవు

1933లో ఇర్విన్ యాంఫీథియేటర్‌గా మొదలై, 1951లో తొలి ఆసియా క్రీడల నాటికి నేషనల్ స్టేడియమై, 2002లో మేజర్ ధ్యాన్‌చంద్ పేరు పొందిన మైదానం ఇండియా గేట్ పక్కనే ఉంది. ధ్యాన్‌చంద్ 1979 డిసెంబర్ 3న ఇదే ఢిల్లీలో, ఎయిమ్స్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుకుంటారు.

జెర్సీ అంకెను ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టడం ఐరోపా, అమెరికా క్లబ్బుల నుంచి వచ్చిన ఆచారం. భారత హాకీ దాన్ని 2024లో రెండుసార్లు పాటించింది. పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి గోల్‌కీపర్ శ్రీజేశ్ రిటైరయ్యాక, ఆగస్టు 14న ఢిల్లీలో సన్మానించి సీనియర్ జట్టులో 16వ నంబరుకు సెలవిచ్చారు. 25 లక్షల రూపాయల బహుమతి ఇచ్చారు. అక్టోబర్‌లో, పదేళ్ల విరామం తర్వాత, ధ్యాన్‌చంద్ స్టేడియానికి అంతర్జాతీయ హాకీ తిరిగొచ్చింది, జర్మనీతో రెండు మ్యాచ్‌లు. 24న రెండో మ్యాచ్ నాడు రాణీ రాంపాల్ సెలవు చెప్పింది. హర్యానాలో షాబాద్ మార్కండా ఊళ్లో బండి తోలే తండ్రికి పుట్టి, పద్నాలుగేళ్లకే దేశానికి ఆడి, టోక్యో ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కెప్టెన్ ఆమె. 28వ నంబరు జెర్సీకి సెలవిచ్చి, 10 లక్షలు అందించారు. ఇద్దరి బహుమతులకూ మధ్య తేడాకు కారణం పతకమే కావచ్చు. కానీ ఆడపిల్లల హాకీని టీవీల ముందుకు తెచ్చిన రాణికి ఆ తేడా చూపకుండా ఉండాల్సింది.

ఫుట్‌బాల్, ఫార్ములా వన్

2012 జనవరి 10 రాత్రి చలిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో బైచుంగ్ భూటియా వీడ్కోలు మ్యాచ్ జరిగింది. ఎదురుజట్టు బాయర్న్ మ్యూనిక్. ముల్లర్, గోమెజ్, ష్వైన్‌స్టైగర్ వంటి ఆటగాళ్లొచ్చి 4-0తో గెలిచారు. ఓటమి ఎవరికీ గుర్తులేదు. పదిహేనేళ్లకు పైగా భారత ఫుట్‌బాల్‌ను మోసిన సిక్కిం కుర్రాడు ప్రపంచపు మేటి జట్టుతో ఆఖరి ఆట ఆడటమే జనం చూడాలనుకున్నది. అతని తర్వాత ఆ భారం ఎత్తుకున్న సునీల్ ఛెత్రి సికింద్రాబాద్‌లో పుట్టి, ఢిల్లీలో చదువుకుని, ఇక్కడి సిటీ క్లబ్‌లో ఆట నేర్చినవాడు. అయినా వీడ్కోలు కోల్‌కతాకే దక్కింది, 2024 జూన్ 6న కువైట్‌తో.

గ్రేటర్ నోయిడా బుద్ధ సర్క్యూట్‌లో 2013 అక్టోబర్ 27న సెబాస్టియన్ వెటెల్ వరసగా నాలుగో ప్రపంచ టైటిల్ గెలిచాడు. గ్యాలరీల ముందు కారును గిరగిరా తిప్పి పొగలు లేపి, దిగి, కారు ముందు మోకరిల్లాడు. నిబంధన ఉల్లంఘించినందుకు జట్టుకు 25 వేల యూరోల జరిమానా పడింది. ఆ తర్వాత ఫార్ములా వన్ ఇటు రాలేదు.

పల్లె ఊరేగింపు, బల్ల మీద బూట్లు

తెలుగునాట సన్మానమంటే శాలువా, పూలదండ, జ్ఞాపిక. ఢిల్లీ చుట్టూ ఉన్న హర్యానా పల్లెల్లో తలపాగా చుడతారు, నోట్ల దండ వేస్తారు, ఓపెన్ జీపు మీద డోలు చప్పుళ్లతో ఊరేగిస్తారు, లడ్డూలు పంచుతారు. మల్లయోధుడికైతే గద ఇస్తారు. పారిస్‌లో 100 గ్రాముల బరువు ఎక్కువై ఫైనల్‌కు ముందు అనర్హత పాలై, మర్నాడే రిటైర్మెంట్ ప్రకటించిన వినేశ్ ఫోగట్ 2024 ఆగస్టు 17న ఢిల్లీ విమానాశ్రయంలో దిగింది. అక్కణ్నుంచి సొంతూరు బలాలీ వరకు దారిపొడవునా ఊళ్లకు ఊళ్లే ఎదురొచ్చాయి. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అయింది. పతకం లేకపోయినా గెలిచినవాళ్లకు చేసేదంతా చేశారు. 2025 డిసెంబర్‌లో ఆమె మళ్లీ బరిలోకి దిగుతానని ప్రకటించింది.

రోహ్‌తక్ అమ్మాయి సాక్షి మలిక్‌కు అలాంటి సెలవు దక్కలేదు. కుస్తీ పట్టేవారు ఆఖరి పోరు ముగిశాక బూట్లు విప్పి మ్యాట్ మీద వదిలేసి వెళ్తారు. ప్రపంచమంతా ఆ ఆటలో వీడ్కోలుకు అదే గుర్తు. రియో కాంస్యం తెచ్చిన సాక్షి 2023 డిసెంబర్ 21న బూట్లు విప్పింది మ్యాట్ మీద కాదు, ఢిల్లీ ప్రెస్ క్లబ్ బల్ల మీద. కుస్తీ సమాఖ్య ఎన్నికల్లో తాను వ్యతిరేకిస్తూ వచ్చిన వర్గం గెలిచిన గంటల్లోనే, కన్నీళ్లతో. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళా రెజ్లర్ అలా వెళ్లిపోవాల్సి రావడం ఈ ప్రాంత క్రీడాచరిత్రకు పెద్ద లోటు.

రాష్ట్రపతి భవన్‌లో తెలుగువారు

1961లో అర్జున, 1985లో ద్రోణాచార్య, 1991-92లో ఖేల్‌రత్న మొదలయ్యాయి. ఆట మానేశాక కూడా సేవ చేసినవారి కోసం 2002లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 2025 జనవరి 17న అర్జున అందుకున్నవారిలో విశాఖ హర్డిల్స్ అమ్మాయి జ్యోతి యర్రాజీ, వరంగల్ పారా అథ్లెట్ దీప్తి జీవాంజి ఉన్నారు. 2024 జూలైలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము హైదరాబాద్ సైనా నెహ్వాల్‌తో రాష్ట్రపతి భవన్ కోర్టులో రాకెట్ పట్టి ఆడారు. క్రికెట్ బోర్డు ఇచ్చే జీవన సాఫల్య పురస్కారానికి తెలుగు మూలాలున్న కల్నల్ సి.కె. నాయుడు పేరుంది. 1994లో దాన్ని తొలిసారి అందుకున్నది కోట్లా తొలి టెస్టు కెప్టెన్ లాలా అమర్‌నాథే.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. 2004 ఏథెన్స్ తర్వాత రిటైరైంది. ఆమెకు వీడ్కోలు పోటీ అంటూ ఏదీ జరగలేదు, బరువులెత్తే ఆటలో అలాంటి సంప్రదాయం లేదు. 2021 జూన్‌లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమించారు. రిటైరైన క్రీడాకారులకు చేసే మర్యాదల్లో ఇది అన్నిటికంటే విలువైనది: జ్ఞాపిక ఇచ్చి ఇంటికి పంపకుండా, ఆమెకు తెలిసిన విద్యను ఇతరులకు నేర్పే కుర్చీ ఇచ్చారు.

అందరికీ గౌరవం ఇంత త్వరగా దక్కదు. భారత ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ కొడుకు, హైదరాబాద్ ఫుట్‌బాలర్ సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్, అంతర్జాతీయ రిఫరీ, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టు సహాయ కోచ్. ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం 2017లో వచ్చింది, రోమ్ తర్వాత 57 ఏళ్లకు. మరో నాలుగేళ్లకు, 2021 ఆగస్టు 22న, ఆయన కన్నుమూశారు.